వావిలి కర్రకు ఎర్రకొన ఎటు?

కర్రకు రెండు కొనలుంటాయి.

ఈ సత్యాన్ని తేలికగా తీసుకొని బాగుపడినవారెవరూ చరిత్రలో కనిపించరు. బంతికి కొనలు లేవు. కనుకనే గ్రహాలు బంతి ఆకారాన్ని ఎంచుకొని, ఎవరితోనూ తగవు లేకుండా ఆకాశంలో కాలక్షేపం చేస్తున్నాయి. కర్రకు రెండున్నాయి, కనుకనే ఏది మొదలు, ఏది తుద అన్న మీమాంస పుట్టింది. మీమాంస పుట్టిన చోట పక్షాలు రెండవుతాయి. ఆ రెండు పక్షాల నడుమ ఒక ఆడపిల్ల ఉన్నదంటే, ఇక అది కథ కాక తప్పదు.

స్వరాజ్యం వచ్చి నాలుగేళ్లయిన పిమ్మట ఒక జ్యేష్ఠమాసపు సాయంత్రం, విజయనగరం నుండి రాయ్‌పూర్ వెళ్లే ప్యాసెంజరు ఆరంగ్‌లో ఆగగా, మూడో తరగతి పెట్టెలోకి మొదట ఒక కర్రల కట్ట ప్రవేశించింది. దాని వెనుక, దానిని మోస్తున్న యువకుడు ప్రవేశించాడు.

యువకుని పేరు పరదేశి. రాయ్‌పూర్‌లో సిగ్నల్ ఫిట్టరు. ఆ ఉదయం ఆరంగ్ సిగ్నల్ రెక్కకు ఎర్రరంగు పూసే పని మీద వచ్చి, పని ముగిశాక మహానది ఒడ్డుకు వెళ్లాడు. అక్కడ నీళ్లలో పాదాలు ముంచుకొని నిలబడిన వావిలి పొదల నుండి వేలిలావు కర్రలు కోసి, తడి గోనెలో చుట్టాడు. ఇంట్లో అతని తల్లి పైడమ్మకు మోకాళ్ల నొప్పులు. వావిలాకు కాపడం తప్ప మరే వైద్యమూ ఆమె మోకాళ్లు అంగీకరించవు. పెరట్లో వావిలి పెంచాలని అతని సంకల్పం.

కోసిన పైకొన గాలికి ఎండిపోరాదని, డబ్బాలో మిగిలిన సిగ్నల్ రంగులో ఒక్కొక్క కర్ర పైకొననూ ముంచాడు. చివరి కర్ర వంతు వచ్చేసరికి డబ్బా అడుగంటింది. శాస్త్రానికి లోటు జరిగిందని ఒక నిట్టూర్పు విడిచి, దానిని అలాగే కట్టలో కలిపాడు.

కట్టను పై అరలోకి ఎక్కించబోయేసరికి అది జారింది. కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి ఆకుపచ్చ కోక మీద, సరిగ్గా మోకాలి దగ్గర, రూపాయి బిళ్లంత ఎర్రచుక్క వెలసింది.

"ఏమండీ! కళ్లు కనిపించవా?"

"కనిపిస్తాయండీ. సిగ్నల్ డిపార్టుమెంటు. ఎరుపూ ఆకుపచ్చా చూపించి డాక్టరు పరీక్ష చేస్తేగాని ఉద్యోగమివ్వరు."

"అయితే ఇదేం రంగో చెప్పండి."

"ఆకుపచ్చ మీద ఎరుపండీ. ఎరుపు కనబడితే ఆగాలని రూలు. ఆగిపోయాను, చూడండి."

"ఆగనక్కరలేదు. పోవచ్చు. పక్క పెట్టెలోకి." ఆమె కొంగుతో తుడిచింది. చుక్క మరికొంత విశాలమైంది. "ఉతికితే పోతుందా ఇది?"

"అచ్ఛా, ఇది సిగ్నల్ ఎరుపు కదండీ! ఎండకు వెలిసిపోదు, వానకు కరగదు. కోక చిరుగుతుంది గాని రంగు పోదు."

"ఇదా మీ ఓదార్పు?"

"ఓదార్పు కాదండీ. గ్యారంటీ."

ఆమె పక్కనున్న ముసలావిడ అంతవరకు కునుకుతున్నది. ఇప్పుడు ముక్కు మాత్రం మేల్కొన్నది; రెండుమార్లు వాసన పీల్చింది; ఆ వెనుక కళ్లు తెరిచింది.

"ఒలే తాయారూ, ఆ బాబునొగ్గీయే. ఏటి బాబూ అయ్యి? వావిలి కాదేటి?"

"వావిలేనండీ."

"నా తల్లే, నా తల్లే!" అని ముసలావిడ కర్రల కట్టను పసిబిడ్డను అందుకొన్నట్లు ఒడిలోకి అందుకొన్నది.

ఆవిడ పేరు సూరమ్మ. ఆవిడ కుమారుడు భీమారావు రాయ్‌పూర్‌లో గార్డు. పెద్ద మనుమరాలు బంగారమ్మ పురిటికి పుట్టింటికి రాబోతున్నది. వావిలాకు మరిగించిన నీళ్లు పోయకుండా ఆ వంశంలో ఏ బాలింతా స్నానం చేసి ఎరగదు. లోగడ పక్కింటి పురుటికి తెలీబంధా చెరువు గట్టు మీద ఎవరో వావిలి అని అమ్మిన ఆకు కొని మరిగించగా, బాలింతకూ బిడ్డకూ నీళ్లు పోసిన మంత్రసానికీ ఒక్కసారే దురదలు పుట్టాయి. నాటి నుండి సూరమ్మకు బజారు మీద విశ్వాసం నశించింది. కళ్లెదుట మొలిచి, కళ్లెదుట చిగిర్చిన వావిలి తప్ప మరొకటి గడప తొక్కరాదని ఆవిడ శాసనం.

"మీదే ఊరు బాబూ? ఇంటిపేరేటి? మీయమ్మ ఎవులమ్మాయి?"

మందిర్ హసౌద్ స్టేషను వచ్చేలోగా విచారణ ముగిసింది. ఇరువైపుల తాతలూ ఒకానొక పెళ్లిలో ఒకే పంక్తిన కూర్చుని భోంచేసినట్లు, ఆ పెళ్లిలో పులుసు చాలనట్లు నిర్ధారణ అయింది.

"ఈ కర్రలు నాకిచ్చీ బాబూ. మీయమ్మకి కావలసినాకు మా యింటికొచ్చి కోసుకో."

"తీసుకోండి మామ్మగారూ."

"మా పెరట్ల ఇయ్యి సిగిరించినాయంటే ఈ పిల్లని నీకే ఇచ్చెస్తాను. మరేటనుకున్నావు!"

"మామ్మా!" అన్నది తాయారు.

"మామ్మేటే? కోక పాడుసేసినోడే కోకలు కొనాల."

రాయ్‌పూర్‌లో దిగేటప్పుడు పరదేశి తన బాధ్యత మరువలేదు. ఏ కొన పైన ఉండాలో చెప్పడానికి, "మామ్మగారూ, ఎరుపు చూసి..." అని మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే తాయారు మెట్టు మీద నుండి వెనుదిరిగి చూసింది. కోపంతోనే చూసింది, కాని కొన్ని కోపాలకు చివర చిన్న వంపు ఉంటుంది. పరదేశి వాక్యానికి క్రియ దొరకలేదు.

"ఎరుపు సూసి పాతమన్నాడు." ఇంటికి వెళ్లి సూరమ్మ కొడుకుకు అందించిన ఉపదేశం ఇంతే.

ఇక భీమారావు గారి గురించి చెప్పాలి. గార్డు అనేవాడు లోకాన్ని వెనుక నుండి చూస్తాడు. డ్రైవరుకు రాబోయేది కనిపిస్తుంది. గార్డుకు జరిగిపోయినది మాత్రమే కనిపిస్తుంది. అందువల్ల గార్డులలో వేదాంతులు ఎక్కువ. భీమారావు గారి వేదాంతానికి టెయిల్ ల్యాంపు మూలస్తంభం. బండి చివర ఎర్రదీపం వెలుగుతున్నదంటే బండి మొత్తం వచ్చిందని అర్థం. ఆ దీపం లేని బండి బండి కాదు. కొన్ని పెట్టెల గుంపు.

ఆయన కట్ట విప్పి చూశారు. ఎర్రకొనలు కనిపించాయి. సందేహమే కలగలేదు.

"చిగుళ్లు పైకి పోతాయి. కనుక ఇంజను పైన. ఇంజను పైనైతే టెయిల్ ల్యాంపు ఎక్కడుండాలి?"

"కింద," అన్నది తాయారు, ఆవులిస్తూ.

కుళాయి నీళ్లు పారే కాలవ పక్కన, ఎల్లప్పుడూ బురదగా ఉండే నేలలో, ఆయన కర్రలను వరుసగా, ఎరుపు కిందికి దించి, అతి శ్రద్ధగా తలకిందులుగా పాతారు. కట్టలో నుండి ఒక కర్రను మాత్రం, ఎండబోసిన చల్లమిరపకాయల దగ్గర కాకులు తోలడానికని సూరమ్మ ముందే తీసుకొన్నది.

మొదటి వాన పడిన మరునాడు పరదేశి తనిఖీకి వచ్చాడు. తాయారు కుళాయి దగ్గర బిందె తోముతున్నది.

"అమ్మ ఆకులకు పంపిందండీ."

"కర్రలున్నాయి. తీసుకుపోయి కాపడం పెట్టమనండి."

అతడు కర్రల వరుస వైపు చూశాడు. "ఎరుపేదండీ?"

"భూమిలో ఉంది."

"భూమిలోనా! ఎవరండీ ఇలా శీర్షాసనం వేయించింది?"

"నాన్నగారు. వెళ్లి అడగండి."

"ఇంట్లో ఉన్నారా?"

"ఉంటే మీరింత ధైర్యంగా గుమ్మం దాటేవారా?"

పరదేశి బురదలో చతికిలబడి ఒక కర్ర పెరికాడు. "ఇదిగో చూడండి. ఆకు రాలిన మచ్చ ఉందా? మచ్చ మీద మొగ్గ. మొగ్గ ఎప్పుడూ ఆకాశం వైపు చూస్తుంది. వేళ్లు కింది కణుపు దగ్గర పుడతాయి. మీరు తలకిందులుగా పాతితే పాపం దానికేం తోస్తుంది?"

"ఎక్కడా మొగ్గ?"

"ఇక్కడండీ."

"ఇదా?"

"దాని పైన."

మొగ్గ ఆవగింజంత ఉంది. దానిని చూపడానికి ఒక వేలు చాలు. అయినా రెండు వేళ్లు అక్కడికి చేరాయి, ఒకటి ఇటునుండి, ఒకటి అటునుండి. వృక్షశాస్త్రం ఇంత శ్రద్ధగా అధ్యయనం చేయబడిన సందర్భం ఆ పెరట్లో అదే మొదటిది.

"నాన్నగారితో చెప్పవచ్చు కదా?" అన్నాడు పరదేశి, తన వేలిని వెనుకకు తీసుకొంటూ.

"టెయిల్ ల్యాంపు విషయంలో తప్పు పట్టారని ఒక స్టేషను మాస్టరుతో మాట్లాడడం మానేశారు. మీరు అంతకంటే పెద్దవారా?"

అందువల్ల వేరొక ఏర్పాటు జరిగింది. భీమారావు గారు బండితో టిట్లాగఢ్ వెళ్లగానే తాయారు కర్రలన్నిటినీ తిప్పి ఎరుపు పైకి పాతేది. మరునాడు ఆయన తిరిగివచ్చి, వరుస చూసి, "ఎవరిదీ పని? ఇంజను నెత్తిన టెయిల్ ల్యాంపు పెట్టారు!" అని గర్జించి, ఎరుపు కిందికి పాతేవారు. "గాలికి తిరిగాయేమో నాన్నా," అనేది తాయారు. మళ్లీ టిట్లాగఢ్. మళ్లీ ఎరుపు పైకి. ఆషాఢమంతా ఆ కర్రలు ఒకసారి స్వర్గాన్నీ ఒకసారి పాతాళాన్నీ దర్శిస్తూ, ఏ లోకంలోనూ స్థిరపడక, త్రిశంకుని మించిన యాతన అనుభవించాయి.

తిప్పడంలో సాయపడడానికి పరదేశి వచ్చేవాడు. వాన వస్తే ఇద్దరికీ ఒక్కటే గోనెసంచి. దానిని తలమీద మడిచి కప్పుకొంటే ఒకరికి చాలుతుంది, ఇద్దరికి సరిపోదు. అయినప్పటికీ వారు రెండవ సంచి వెతకలేదు. ఇంట్లో సూరమ్మ కూడా వెతుకుతూ ఉండేది. "నా కాకులకర్ర ఏదే? ఎక్కడెట్టినాను?" వానలు పట్టాక మిరపకాయలు డబ్బాకెక్కాయి, కర్రను గుచ్చిన చోటు ఆవిడ జ్ఞాపకం నుండి దిగిపోయింది.

ఒకనాడు పరదేశి అడిగాడు. "ఇవి చిగిర్చకపోతే?"

"బొబ్బిలి."

"బొబ్బిలేమిటి?"

"మా మేనత్త కొడుకు సూర్యారావు. బారసాలకు వస్తాడు. అప్పుడు ముహూర్తం పెట్టిస్తారట. మామ్మ మాట ఇచ్చింది కాబట్టి ఆగారు. కర్ర చిగిరిస్తే మామ్మ మాట నెగ్గుతుంది. చిగిర్చకపోతే నాన్నగారి మాట."

"అతనిలో లోటేమిటి?"

తాయారు చాలాసేపు ఆలోచించింది. "ఏమీ లేదు. అదే. ఎండాకాలం ఉత్తరం రాస్తే ఎండలెక్కువగా ఉన్నాయంటాడు. చలికాలం రాస్తే చలి ఎక్కువంటాడు. వానాకాలం ఉత్తరం నేను విప్పనే లేదు."

"నేనూ అంతకంటే గొప్పగా ఏం రాయలేను తాయారూ."

'గారు' లోపించిన సంగతి ఇద్దరూ గమనించారు. ఇద్దరూ గమనించనట్లు కర్రలవైపు చూశారు.

"మీరు రాయనక్కరలేదు," అన్నది ఆమె నెమ్మదిగా. "చుక్క పెట్టారుగా. ఇన్ని ఉతుకులు ఉతికాను. గ్యారంటీ నిజమే." అని నవ్వు ఆపుకోలేక, "ఇక ఆ కర్ర అటువైపు పట్టండి, బస్!" అన్నది.

శ్రావణం నిండింది. బంగారమ్మ నిండు నెలలతో వచ్చి వెనుక అరుగు మీద ఆసీనురాలైంది. కర్రలలో మాత్రం ప్రాణం కదలలేదు. పరదేశికి అన్నం సయించడం లేదు. ఒకనాడు సిగ్నల్ స్తంభమెక్కి, ఎందుకెక్కాడో మరచి, దిగి వచ్చాడు.

ఆ సమయంలో వాగు పొంగి లైను మీదికి నీళ్లు వచ్చాయి. టిట్లాగఢ్ బండి రద్దయింది. పట్టపగలు, జెండాలు చంకన పెట్టుకొని భీమారావు గారు ఇల్లు చేరేసరికి, పెరట్లో తన కూతురూ ఒక సిగ్నల్ ఫిట్టరూ ఒకే కర్రను చెరొక కొనా పట్టుకొని బురదలో నిలబడి ఉన్నారు. చినుకులు పడుతున్నాయి. నెత్తిన ఒకే గోనెసంచి.

"ఓహో!" అన్నారు భీమారావు గారు. "గాలి అన్నావు. ఈ గాలికి మీసాలు కూడా ఉన్నాయే!"

"తనిఖీ అండీ..." అన్నాడు పరదేశి.

"నా టెయిల్ ల్యాంపును తనిఖీ చేయడానికి నువ్వెవరివయ్యా?"

"గార్డుగారూ, కోపగించకండి. సిగ్నల్‌లో ఎర్రరెక్క స్తంభం పైన ఉంటుందా, కింద ఉంటుందా? రెక్కను భూమిలో పాతిపెట్టి ఉత్త స్తంభం చూపిస్తే డ్రైవరు దేన్ని చూసి ఆగుతాడండీ?"

"కర్ర ఆగాలా, పోవాలా? పైకి పోవాలి! నువ్వు ఎరుపు చూపించి ఆపేశావు. అందుకే చిగిర్చలేదు!"

"మీరు తల పాతేశారండీ!"

"నువ్వు తోక ఎత్తేశావు!"

"నాన్నా, వానలో తడుస్తున్నారు," అన్నది తాయారు.

"తడవనీ! తేల్చుకోనీ! ఈ రోజే బొబ్బిలికి ఉత్తరం రాస్తాను. చిగిరించని కర్రకు మాటేమిటి, పిల్లేమిటి!"

తాయారు చేతిలోని కర్ర కొన వదిలేసింది. కోక మీది చుక్కను అరచేతితో మూసుకొన్నది.

అప్పుడు అరుగు మీద నుండి బంగారమ్మ, నడుము మీద చేయి వేసుకొని, విసుగ్గా అన్నది. "తగవులాడితే ఆడారు గాని, ఆ చివర్న కాలవ పక్కనున్నవి ఆకులు కావూ?"

ముగ్గురూ తిరిగారు. నిజమే. వరుసకు చిట్టచివర, కాలవ ఒడ్డున, అందరూ ఎప్పుడూ దాటిపోయే చోట, ఒక కర్ర నిబ్బరంగా నిలబడి ఉన్నది. దాని కణుపుల నుండి లేత ఆకులు, అయిదేసి రెక్కలుగా, వానకు తలలూపుతున్నాయి.

గొడవ విని పెరట్లోకి వచ్చిన సూరమ్మ ఒక ఆకు తుంచి నలిపి వాసన చూసింది. "వావిలే!" అన్నది. ఆ మాటతో ఆషాఢ శ్రావణాలు రెండూ సార్థకమయ్యాయి.

భీమారావు గారు మాత్రం వంగి, కర్ర పైకొనను కళ్లజోడు సవరించుకొని పరీక్షించారు. మెల్లగా నిటారుగా లేచారు. విజయం ఆయన ముఖాన సూర్యోదయంలా వ్యాపించింది.

"ఎరుపు పైన ఉందా?"

పరదేశి చూశాడు. పైకొన వట్టి కర్ర. "లేదండీ."

"పైన లేనిది ఎక్కడుంటుంది?"

"కింద... ఉండాలండీ."

"కర్రకు కొనలు రెండే కదా? మూడోది లేదు కదా?"

"లేదండీ."

న్యాయశాస్త్రంలో ఇంతకంటే కట్టుదిట్టమైన అనుమాన ప్రమాణం లేదు. పరదేశి వృక్షశాస్త్రమంతా కళ్లెదుట కుప్పకూలింది. మొగ్గ ఆకాశం వైపు చూస్తుందని అతడు నమ్మాడు. అమ్మాయికి వేలితో చూపించాడు కూడా.

"చూడనీ, పెరికి చూస్తే..." అని అతడు వంగబోగా సూరమ్మ చేయి ఎత్తింది. "ముట్టుకున్నావంటే సెయ్యిరగ్గొడతాను. ఏరు కదిల్తే సచ్చిపోద్ది."

"పెరకడమెందుకు?" అన్నారు భీమారావు గారు. "నోటితో చెబితే చాలు. చెప్పు. ఎరుపు ఎటుండాలి?"

పరదేశి తాయారు వైపు చూశాడు. ఆమె తండ్రి వెనుక నిలబడి, కనుబొమలెత్తి, పెదవులతో శబ్దం లేకుండా 'కింద' అని చూపించింది. ఒక పక్క శాస్త్రం. మరొక పక్క ఆ పెదవులు. మహామహులు ఇటువంటి చోట శాస్త్రాన్నే ఎంచుకొని ప్రాణాలు విడిచారని వింటాము. వారెవరూ ఆ పెదవులను చూడలేదు.

"కిందేనండీ," అన్నాడు పరదేశి. "టెయిల్ ల్యాంపు కిందే ఉండాలి. తప్పు నాది."

భీమారావు గారు అతనిని తేరిపార చూశారు. ఆయన గొంతు మెత్తబడింది. "ఇన్నేళ్ల సర్వీసులో తప్పు ఒప్పుకొన్న సిగ్నల్ వాణ్ణి నేను చూడలేదు. నిన్నే మొదట చూడడం. అమ్మా, రైల్లో ఈ అబ్బాయికి మాటిచ్చావట కదా?"

"ఇచ్చినాను. నానెప్పుడన్నా మాట తప్పినానేటి?" అన్నది సూరమ్మ. "గాని, నా కాకులకర్ర ఎవులైనా సూసినారేటి?"

భాద్రపదంలో బంగారమ్మకు కొడుకు పుట్టాడు. బాలింతకు వావిలాకు నీళ్లు పోశారు. ఎవరికీ దురదలు పుట్టలేదు. పైడమ్మ మోకాళ్లకు కాపడం అందింది. బొబ్బిలికి ఉత్తరం వెళ్లింది. సూర్యారావు ఆశీస్సులు పంపుతూ, అక్కడ వానలెక్కువగా ఉన్నాయని రాశాడు. మాఘంలో పెళ్లయింది. రైల్వే కాలనీలో ఎవరు ఏ కొమ్మ నాటినా భీమారావు గారు స్వయంగా వెళ్లి ఒక కొనకు ఎర్రరంగు పూసి, దానిని కిందికి పాతించేవారు. కొమ్మలు చచ్చిపోతే రంగు పలచనైందనేవారు. అల్లుడు, "అవును మామగారూ," అనేవాడు. తాయారు పక్కకు తిరిగి దగ్గేది.

మరుసటి ఎండాకాలం కుళాయి గొట్టం పగిలి, కాలవ పక్కన తవ్వవలసి వచ్చింది. గుబురుగా పెరిగిన వావిలిని వేళ్లతో సహా పైకి తీసి పక్కన నాటాలని నిశ్చయమైంది. భీమారావు గారు ఈ అవకాశాన్ని వృథా పోనివ్వలేదు; ఇరుగుపొరుగును పిలిచి, కుర్చీలు వేయించి, అల్లుణ్ణి ముందు వరుసలో కూర్చోబెట్టారు. తాయారు ఆకుపచ్చ కోకే కట్టుకొని వచ్చింది. దాని మీద చుక్క, చెక్కుచెదరకుండా, ఎర్రగా ఉంది.

"సిగ్నల్ ఎరుపు భూమిలోనూ చెడదు. చూడండి," అంటూ ఆయన స్వహస్తాలతో మొక్కను ఎత్తి, మట్టి దులిపి, బిందెడు నీళ్లతో వేళ్లు కడిగారు.

కింది కొనకు రంగు లేదు.

సూరమ్మ దగ్గరకు వచ్చి, కళ్లు చికిలించి చూసింది.

"ఇక్కడున్నాదేటి నా కాకులకర్ర!"